రాయపురంలో నేను కొని అమ్మిన మొదటి ఇల్లు

అంబత్తూరులో నీళ్ళ పంపుల భాగాలు పోతపోసే ఒక కంపెనీలో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. పోత సరిగ్గా కుదిరిందా, ఎక్కడైనా బొక్క పడిందా అని చూసి, బాగాలేనిదాన్ని పక్కన పెట్టించడం నా పని. కంపెనీ వేరే ఊరికి మారినప్పుడు నేను వెళ్ళలేదు. చేతికొచ్చిన డబ్బుతో ఒక పాత ఇల్లు కొని, బాగుచేసి, అమ్మాలనుకున్నాను. అట్లా చేసి పైకొచ్చినవాళ్ళ వీడియోలు అప్పటికే చాలా చూసి ఉన్నాను.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఆయన ఒక్కటే అడిగాడు. "నీ డబ్బు, నీ ఇష్టం. మనముండే ఇంటిని మాత్రం బ్యాంకులో పెట్టొద్దు. అది పోతే యాడికి పోతాం?" సరేనని మాటిచ్చాను.

నాలుగు నెలలు తిరిగాను. వ్యాసర్పాడిలో ఒక ఇల్లు బాగా నచ్చింది. కానీ అమ్మేవాళ్ళ చెల్లెలికీ అందులో వాటా ఉందని, ఆమె సంతకం లేదని, పత్రాలు చూడ్డానికి నేను పెట్టుకున్న లాయరు కనిపెట్టి వద్దన్నాడు. ఆరోజు ఆ లాయరు మీద కోపం వచ్చింది. ఇప్పుడు ఆయన చూడకుండా ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టను.

చివరికి రాయపురంలో, హార్బరుకు నడిచి వెళ్ళేంత దగ్గర్లో, పాత అపార్టుమెంటులో కింది ఇల్లు దొరికింది. రెండు గదులు, వంటిల్లు, వెనక సన్నటి ఖాళీ స్థలం. కొన్నేళ్ళుగా తాళం వేసి ఉంది. పత్రాలు సరిగ్గా ఉన్నాయి, ధర కూడా తక్కువ. ఎందుకు తక్కువో నేను ఆలోచించలేదు. నడి ఎండాకాలంలో చూశాను, గోడలు పొడిగా కనిపించాయి. అక్కడక్కడా తెల్లగా పొడి రాలుతుంటే పాత సున్నం అనుకున్నాను.

పెయింటర్లను పెట్టి గోడలకు పుట్టీ వేయించి, లేత ఆకుపచ్చ రంగు కొట్టించాను. వంటింటికి అరలన్నీ ఒకే కొలతలో ఉండే ఖరీదైన చెక్కపని ఆర్డరిచ్చాను. ఐటీలో పనిచేసే భార్యాభర్తలెవరో వచ్చి కొంటారని నా ఊహ. ఈలోపు రెండు వానలు పడ్డాయి.

మొదట వచ్చినవాళ్ళు నిజంగానే అట్లాంటి దంపతులే. ఆ అమ్మాయి హాలంతా తిరిగి చూసి, మాట్లాడుతూ గోడకు చెయ్యి ఆనించింది. రంగుతో సహా పుట్టీ పెచ్చుగా ఊడి ఆమె అరచేతిలోకి వచ్చింది. కర్చీఫుతో చెయ్యి తుడుచుకుని, "ఫోన్ చేస్తామండీ" అని వెళ్ళిపోయింది.

నేను అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. కంపెనీలో పోతలో పడ్డ బొక్కకు లప్పం మెత్తి, పైన రంగు పూసి, ఏమీ తెలియనట్టు నా బల్ల మీదికి తెచ్చేవాళ్ళు. అట్లాంటివి ఎన్ని వెనక్కి పంపానో లెక్కలేదు. ఇప్పుడు ఆ పని నేనే చేశాను. నష్టం కంటే అదే ఎక్కువ బాధపెట్టింది.

పక్కింటివాళ్ళు చెబితే వ్యాసర్పాడి నుంచి ఒక మేస్త్రీని పిలిపించాను. యాభై దాటిన ఆడమనిషి. ఇటుకలు మోసే కూలీగా మొదలుపెట్టి, చూసి చూసి తాపీపని నేర్చుకుందట. వచ్చీ రాగానే తాపీ పిడితో గోడను కింది నుంచి పైకి తట్టుకుంటూ పోయింది. నడుము ఎత్తు వరకు ఒక చప్పుడు, ఆపైన ఇంకో చప్పుడు.

"ఉప్పెక్కిండాదిమ్మా. నేల్లోనుంచి తేమ పీలుస్తాది ఈ గోడ. ఈడ సముద్రం పక్కన ఇంతే."

"మళ్ళీ పూయిస్తే ఆగదా అక్కా?"

"ఆగదు. నడుము కాడి దాకా కొట్టేసి, ఇటికలు బయటబెట్టి, రెండు నెల్లు ఆరనియ్యాల. అప్పుడు మందు కలిపి పూస్తా. నీకు అర్జెంటంటే వేరే మేస్త్రీని చూసుకో."

రెండు నెలలు చేతులు కట్టుకుని కూర్చోవడమంటే భయమేసింది. అయినా సరేనన్నాను. పాత పూత కొట్టేస్తూ, చెక్కపనికని వంటింటి గోడల మీద గీసిన గుర్తులు చూసి ఆమె ఇంకో మాట అడిగింది. "ఎవురికి అమ్మేదానికి ఈ కిచెనంతా?" ఐటీవాళ్ళకన్నాను. ఆమె నవ్వలేదు. "ఈ సందులోకి కారే రాదు. వాళ్ళెందుకు వస్తారుమ్మా? ఈడుండే వాళ్ళను అడిగినావా?"

అడగలేదు. ఆ సంగతి నాకు తట్టనేలేదు.

గోడలు ఆరే రెండు నెలలూ ఆ పనే చేశాను. పొద్దున్నే వీధి అరుగు మీద కూర్చుంటే, హార్బరు నుంచి చేపల గంపలతో వచ్చే ఆడవాళ్ళు టీకి ఆగేవాళ్ళు. ఎట్లాంటి ఇల్లు కావాలని అడిగితే, చెక్క అరల మాట ఒక్కరూ ఎత్తలేదు. లోపలికి రాకముందే కాళ్ళూ గంపలూ కడుక్కునే చోటు కావాలన్నారు. నీళ్ళు ఆగకుండా రావాలన్నారు. ముసలివాళ్ళు జారిపడని బాత్రూము అడిగారు. నేను చెక్కపని ఆర్డరు మానుకున్నాను. ఇచ్చిన అడ్వాన్సు పోయింది. ఆ వెనక ఖాళీలో ఎత్తుగా రాతిబండ, రెండు కొళాయిలు, నీళ్ళు పోయేందుకు మంచి వాలు పెట్టించాను. బాత్రూములో గరుకు రాళ్ళు వేయించాను. గోడలు ఆరాక మేస్త్రీ మందు కలిపి పూసింది.

ఈసారి చూడటానికి వచ్చినావిడ చేపల హోల్‌సేలు వ్యాపారం చేస్తుంది. మెట్లెక్కలేని తల్లి కోసం కింది ఇల్లు వెతుకుతోంది. నేను ముందుగానే గోడ సంగతి చెప్పాను. ఉప్పెక్కిందని, ఏం చేశామో చెప్పి, కొట్టేసినప్పుడు తీసిన ఫోటోలు చూపించాను.

"ఒక వాన పడినాక మళ్ళీ వచ్చి చూడండి. అప్పుడు నచ్చితేనే మాట్లాడుకుందాం" అన్నాను.

"అమ్మేవాళ్ళు ఇట్లా చెప్పడం నేను చూళ్ళేదే" అందావిడ.

పెద్దవాన వెలిసిన మరునాడు తల్లిని ఆటోలో తీసుకొచ్చింది. తాను గోడలన్నీ తడిమి చూసింది. తల్లి నేరుగా వెనక్కి వెళ్ళి, రాతిబండ మీద కూర్చుని, కొళాయి తిప్పి కాళ్ళు కడుక్కుంది. "ఈడ బాగుండాది పాపా" అంది కూతురితో. నెల తిరక్కుండా రిజిస్ట్రేషను అయింది. వీడియోల్లో చెప్పినంత మిగల్లేదు కానీ, నష్టం రాలేదు. ఇంకో ఇంటికి ధైర్యం వచ్చింది.

రిజిస్ట్రేషనైన వారానికి నేను వ్యాసర్పాడి వెళ్ళి మేస్త్రీని కలిశాను. రోజుకూలీ కాదు, ఇకమీద కొనే ఇంటి లాభంలో వాటా తీసుకోమన్నాను. ఆమె తాపీ కడిగి పక్కన పెట్టింది.

"వాటా అంటే, ఇల్లు కొనేముందు నా మాట కూడా వినాల. వద్దంటే వద్దు."

"సరే అక్కా. కాగితం మీద రాసుకుందాం."

ఆ తర్వాత ఇద్దరం కలిసి చూసిన మొదటి ఇంటిని ఆమె వద్దంది. రెండోదాన్నీ వద్దంది. మూడోది అంబత్తూరులో ఉంది. ఆమె తాపీ పిడితో నాలుగు గోడలూ తట్టి, డాబా ఎక్కి దిగివచ్చి, చీరకొంగుతో ముఖం తుడుచుకుంటూ అంది. "ఇది కొనుమ్మా."

రేపు అక్కడ పని మొదలవుతుంది.