పొట్లం కాగితాలు

కొవ్వూరులో మా వీధి మలుపున హరిబాబు గారి కిరాణా కొట్టు ఉంది. ఎన్ని ప్లాస్టిక్ కవర్లు వచ్చినా ఆయన మాత్రం ఆవాలూ జీలకర్రా పాత పుస్తకాల కాగితాల్లోనే పొట్లం కడతారు. తూకం వేస్తూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేవారు. తమ్ముడితో వ్యాపారం విడిపోయాక ఆ నోరు మూతపడింది. అన్నం సగంలో లేచిపోవడం, రాత్రుళ్ళు నిద్ర లేకపోవడం, కొట్లో గోడవైపు చూస్తూ కూర్చోవడం. పొట్లాలు కట్టడం ఒక్కటే మానలేదు.

సలహాలు చెప్పడమంటే మా వీధికి మహా సరదా. దిష్టి అన్నారు, గ్రహాలన్నారు, "మగాడన్నాక ధైర్యంగా ఉండాలి" అని ఆయన్ని నిలబెట్టి క్లాసు పీకారు. భార్య లక్ష్మీదుర్గ ద్రాక్షారామం వెళ్ళి అభిషేకం కూడా చేయించింది. మనిషిలో మార్పు లేదు. ఈయన ఏమైపోతాడోనని ఆమెకు ఒకటే బెంగ.

ఒక మధ్యాహ్నం దుర్గ జీలకర్ర కట్టబోతూ చేతిలోని కాగితం చదివింది. ఎవరో డాక్టరు రాసిన పుస్తకంలోది. పుస్తకానికి అట్ట లేదు, పేరు తెలియదు. హరిబాబు గారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టే ఉంది. ఈ దిగులు మనసుకొచ్చే జబ్బేననీ, సిగ్గుపడాల్సిన పని లేదనీ, నయమవుతుందనీ ఉంది. అడుగున పెద్ద అక్షరాలతో 'పక్కనున్నవాళ్ళు ఏం చేయాలి?' అని ఉంది. తర్వాతి కాగితం మాత్రం లేదు. ఏ ఇంటికో పొట్లమై వెళ్ళిపోయిందనుకుంది.

మర్నాడు ముందుగా మా ఇంటికే వచ్చింది.

"పిన్నిగారండీ, మొన్న మీరు పట్టికెళ్ళిన ఆవాల కాగితం ఉందాండీ?"

"కాగితం తిరిగిచ్చేస్తే మళ్ళీ ఆవాలిస్తావా ఏంటి?" అని నవ్వాను. ఆమె కళ్ళు చూసి నోరు మూసుకున్నాను. ఒక కాగితం ఉంది కానీ, ఆమెకు కావలసింది కాదు. మొగుడూ పెళ్ళాలు ఒకరి మాట ఒకరు ఎలా వినాలో రాసి ఉంటే, మా ఆయనకు చూపిద్దామని డబ్బా కింద దాచుకున్నాను.

దుర్గ వెంట నేనూ పక్కింటికి వెళ్ళాను. అక్కడ సంపూర్ణమ్మ తన దగ్గరున్న కాగితం ఇచ్చి ఊరుకోలేదు. "మా అమ్మాయి పురుడయ్యాక ఊరికే ఏడుస్తూ కూర్చునేదమ్మా. రాజమండ్రిలో డాక్టరుగారికి చూపించాం, కోలుకుంది. ఎవరేమనుకుంటారోనని బయటికి చెప్పలేదు" అంది. పక్కింట్లో ఉండి ఈ సంగతి నాకు తెలియదు! నాకు తెలియని సంగతి మా వీధిలో ఒకటుందంటే ఒళ్ళు మండింది. తర్వాత జాలేసింది.

దుర్గ వెళ్ళిన ఇళ్ళలో చాలాచోట్ల ఇలాంటిదే ఏదో ఒకటి బయటపడింది. మధ్యాహ్నం బేరాలు లేనివేళ కొందరం కొట్లో చేరడం మొదలుపెట్టాం. దొరికిన కాగితాలు చదువుకునేవాళ్ళం, ఎవరి గోడు వాళ్ళు చెప్పుకునేవాళ్ళం. అడగందే సలహా చెప్పొద్దని దుర్గ షరతు పెట్టింది. నాకది కాస్త కష్టమే అయింది.

ఆ ఒక్క కాగితం మాత్రం దొరకలేదు. చివరికి ఒకరోజు మేమంతా ఉండగానే దుర్గ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"ఏమండీ, మీతో ఏం మాట్లాడాలో అందులో ఉంటుందనుకున్నాను. వీధంతా తిరిగాను. దొరకలేదండి. నాకేం చెయ్యాలో తెలియట్లేదు" అని ఏడ్చేసింది.

హరిబాబు గారు వేలికి చుట్టుకున్న పొట్లాల దారం విప్పి పక్కన పెట్టారు. తర్వాత చొక్కా జేబులోంచి మడతలు పెట్టిన కాగితం తీశారు. మడతల దగ్గర అరిగిపోయి ఉంది.

"అది ఎవరికీ కట్టలేదు దుర్గా. నీకిద్దామనే దాచాను. ధైర్యం చాల్లేదు" అన్నారు.

మేము చప్పుడు చేయకుండా లేచి వచ్చేశాం. మర్నాడు కొట్టు తెరవలేదు. ఇద్దరూ పొద్దున్నే రాజమండ్రి బస్సెక్కారు. ఎందుకని మా వీధిలో ఒక్కరూ అడగలేదు.