రెండు పేర్ల డబ్బా

మా వంటింటి అలమారలో పప్పుల డబ్బాల వరుస మధ్య ఇరవై రోజులుగా ఒక గుండ్రటి ఖాళీ ఉంది. కింద పరిచిన పాత పేపరు మీద డబ్బా అడుగు గుర్తు అలాగే ఉండిపోయింది. తలుపు తీసినప్పుడల్లా ఆ ఖాళీలోంచి ఏలకులూ, మేము శెంగలనే వేయించిన పల్లీలూ, బెల్లమూ కలిసిన వాసన వస్తుంది. మా ఆయన పొద్దున్నే చాయ్‌లోకి చక్కెర కోసం తలుపు తీసి, ఆ జాగా చూసి, "నీ డబ్బ ఇంక రాలే?" అంటాడు. రాలేదంటాను. "అయితే పోయింది తియ్యి" అంటాడు. ఆయనది మాన్వి ఊరు, మా గల్లీ పద్ధతులు ఆయనకు తెలియవు. ఆ డబ్బా మీద పైన మా అమ్మ పేరు, దాని కింద మాణిక్యమ్మవ్వ పేరు చెక్కి ఉంటాయి. ఆ రెండో పేరు అక్కడికి ఎక్కడానికి కారణం నేనే. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు.

రాయచూరు పాత ఊళ్లో మాది ముప్పై గడపల గల్లీ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారుకు పోతే ఉర్దూ, ఏ మాట ఏ భాషదో మాకు పట్టింపు ఉండేది కాదు. దీపావళి దగ్గర పడుతుందంటే పత్తి బండ్లు మిల్లుల దారి పట్టేవి, గాలిలో దూది పింజలు తేలుతూ వచ్చి మా నూనె జడలకు అంటుకునేవి, గోడలకు వేసిన కొత్త సున్నం వాసన, అరుగులకు పూసిన ఎర్రమన్ను వాసన, ఎవరింట్లోనో కాగుతున్న శెంగనూనె వాసన ఒకదాని మీద ఒకటి పడి ముక్కుకు ఊపిరాడనిచ్చేవి కావు. బడికి సెలవులు. పొద్దున గచ్చకాయలు, మధ్యాహ్నం గచ్చకాయలు, సాయంత్రం అమ్మ చేతి దెబ్బలు, మళ్లీ గచ్చకాయలు.

మా గోడకు ఆనుకున్న ఇల్లు మాణిక్యమ్మవ్వది. నాకు రక్తసంబంధం లేదు, అయినా గల్లీ పిల్లలందరికీ అవ్వే. మనిషి ఎత్తరి, గొంతు పెద్దది, నవ్వు తక్కువ. మొగుడు పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు, ఇడపనూరులో రెండెకరాల చేను ఉండేది. చేనులోని శెంగలు బస్తాలలో దిగిన రోజు నుంచి ఆమె వెనక వాకిలి ఒక పెద్ద వంటశాల అయిపోయేది. ఒక ఇల్లాలు బెల్లం తెచ్చేది, ఒకామె కందిపప్పు, ఒకామె నెయ్యి, ఏమీ తేలేనామె రెండు చేతులు తెచ్చేది. గర్జలనే కజ్జికాయలు, చకిలీలు, శెంగ ఉండలు, అటుకుల చుడువ, ఇవన్నీ తట్టల్లో గుట్టలుగా పడుతుంటే, ఇంత తిండి లోకంలో ఒకేచోట ఉండగలదా అని నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. శెంగలు ఒలిచే పని పిల్లలది. ఒలుస్తూ పాటలు పాడాలని అవ్వ హుకుం. మాకు పాటలు నేర్పాలనే కోరిక ఆమెకు ఉందని చాలా ఏళ్లు అనుకున్నాను. పాడే నోట్లో శెంగలు పడవని తర్వాతెప్పుడో తట్టింది.

ఆ తిండి అమ్ముకోవడానికీ కాదు, చుట్టాలకూ కాదు. గల్లీలో ఆ ఏడు పొయ్యి సరిగ్గా వెలగని ఇళ్లు కొన్ని ఉండేవి. మిల్లు మూతపడిన ఇల్లు, మనిషి మంచం పట్టిన ఇల్లు, వానలు ఎగ్గొట్టిన ఇల్లు. ఆ ఇళ్ల కోసం అవ్వ దగ్గర పదకొండు స్టీలు డబ్బాలు ఉండేవి. అడుగున బియ్యం మూట, పప్పు మూట, పైన కాగితం, ఆ పైన పండుగ తిండి. దీపావళికి ముందు త్రయోదశి నాడు మా దిక్కు నీళ్లు నింపే పండుగ వస్తుంది, ఆ రోజు ఆడవాళ్లందరూ తోమిన బిందెలతో వీధి నల్లా దగ్గర ఉంటారు, తలుపులు తెరిచి ఉంటాయి, ఇళ్లల్లో మనుషులుండరు. ఆ గంటలో మేము పిల్లలం అవ్వ చెప్పిన గడపల లోపల డబ్బాలు పెట్టి పరిగెత్తుకొచ్చేవాళ్లం. తర్వాత నాలుగు రోజులకు డబ్బాలు తోముకుని వచ్చి నల్లా గట్టు మీద కూర్చునేవి. పెట్టిందెవరో, తీసుకున్నదెవరో ఎవరూ ఎవరినీ అడగరు. తెలిసినా, తెలియనట్టు ఉండే వీలు అందరికీ ఉండేది.

ఇందులో ఒక కిటుకు ఉంది. మా దిక్కు ఏ ఇంట్లో గిన్నె అయినా దాని మీద పేరు చెక్కించకుండా వాడరు. పేరున్న గిన్నెలో ఏమైనా వస్తే, ఆ గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు, చిటికెడు చక్కెరో, రెండు తమలపాకులో వేసి పంపాలి. అందుకే అవ్వ ఆ పదకొండు డబ్బాల మీద మాత్రం పేరు చెక్కించలేదు. పేరు లేని డబ్బా ఎవరికీ బాకీ పెట్టదు. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. నాకు తెలిసిందల్లా, పోయినేడు ఒక డబ్బా నల్లా గట్టు మీద వేరేవాళ్ల సామానులో కలిసిపోయి, అవ్వ దాని కోసం రెండు రోజులు వెతికిందని.

ఆ ఏడు నీళ్లు నింపే పండుగ ఇంకా మూడు రోజులుందనగా పేర్లు చెక్కేవాడు గల్లీలోకి వచ్చాడు. చిన్న ఉలి, చిన్న సుత్తి, మోకాళ్ల మధ్య గిన్నె, టకటకమని చుక్కచుక్కగా అక్షరం లేచేది. అవ్వ బజారుకు పోయింది. నేను ఆ పదకొండు డబ్బాలూ మోసుకొచ్చి అతని ముందు పెట్టాను, పండుగకని దాచుకున్న చిల్లరంతా అతని చేతిలో పోశాను, పలక మీద కన్నడంలో అవ్వ పేరు గుండ్రంగా రాసి చూపించాను. ఇంత చేసే మనిషి పేరు ఎవరికీ తెలియకపోవడమేమిటని నాకు లోపల కోపంగా కూడా ఉండేది. పదకొండింటి మీదా పేరు పడింది. కడిగి, తుడిచి, వరుసగా పెట్టి, గర్వంతో గోడకు ఆనుకుని నిలబడ్డాను.

అవ్వ వచ్చింది. బొటనవేలితో ఒక డబ్బాను తడిమింది. ఆమెకు కన్నడం చదవను రాదు.

"ఏం రాసిండే బిడ్డా గిది?"

"నీ పేరే అవ్వా. ఇంగ పోవు."

"నా పేరా" అంది. రెండో డబ్బా తడిమింది, మూడోది తడిమింది, మెల్లగా కింద కూర్చుంది. ఆమెను అలా కూర్చోగా నేను అంతకు ముందు చూడలేదు.

మా అమ్మ వచ్చి చూసి నా జుట్టు పట్టుకుంది. అప్పుడే నాకు రుక్మిణమ్మ మాట తెలిసింది. రుక్మిణమ్మ మా గల్లీ చివరి ఇంటామె, జాకెట్లకు హుక్కులు కుట్టేది. పత్తి మార్కెట్లో హమాలీ చేసే ఆమె మొగుడు బేళ్ల మీది నుంచి పడి తుంటి విరిగి కొన్నేళ్లుగా మంచంలో ఉన్నాడు, ముగ్గురు పిల్లలు. అంతకు ముందు నెలలో ఒక బట్టల దుకాణం సావుకారి తన మనిషితో ఆ ఇంటికి బియ్యం సంచి పంపాడు. ఆ మనిషి వాకిట్లో నిలబడి, సావుకారి పంపిండని గల్లీ అంతా వినేలా అరిచాడు. రుక్మిణమ్మ ఆ సంచి నెత్తిన పెట్టుకుని పోయి, బేరాల మధ్య ఆ దుకాణం మెట్ల మీద దించి, "నా పిల్లలు ఉపాసముంటరు గాని ఒకరి పేరున్న బియ్యం తినరు" అని చెప్పి వచ్చింది. ఆ పదకొండు డబ్బాల్లో అన్నిటికంటే పెద్దది ఆ ఇంటి కోసమే. ఇప్పుడు దాని మీద పేరుంది. ఆమె దాన్ని గడప దాటనివ్వదు. ఆ పిల్లలకు పండుగ లేకుండా చేసింది నేను. ఆ పెద్ద డబ్బా మీది అక్షరాలను బొటనవేలితో రుద్దాను, అవి పోలేదు.

"పిల్లను ఏమనకు" అంది అవ్వ అమ్మతో. "నా మీది పాయిరంతోని జేసింది."

మర్నాడు పొద్దున నల్లా వచ్చే వేళకు అవ్వ తన బిందె పక్కన పెట్టి, గట్టు మీద నిలబడింది. "ఇగో, అందరు ఇనుండ్రి. నాకు డెబ్బై నిండినయి. నాకు పిల్లల్లేరు, నా పేరు జెప్పేటోళ్లు లేరు. ఈ పండుగకు గల్లీల ఇంటింటికి నా పేరు కొట్టిచ్చిన డబ్బ ఒకటొస్తది. ఎవరన్న వద్దంటే నేను నారాజైత."

బిందెల వరుసలోంచి ఒకామె, "ముసలితనంల పేరు మోజు వుట్టిందా అవ్వా నీకు" అంది. అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది, "వుట్టిందే, ఏం జెయ్యాలె" అంది. పేరు అంటే పడని మనిషి, నా తప్పును తన గొప్పతనపు ఆశగా చెప్పుకుని, నలుగురి నవ్వూ నెత్తిన వేసుకుని నిలబడింది. నేను మా అమ్మ కొంగు వెనక నుంచి ఆమెను చూస్తున్నాను. ఆమె గట్టు మీద ఉంది కాబట్టి ఎత్తుగా కనిపించిందని ఇప్పుడు ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

డబ్బాలు పదకొండు, గడపలు ముప్పై. సంగతి తెలిసిన ఆడవాళ్లు ఒక్క మాట అనకుండా తమ ఇళ్లల్లోని డబ్బాలు ఖాళీ చేసి తెచ్చారు. పేర్లు చెక్కేవాణ్ని వెనక్కి పిలిపించారు. ఆ రోజంతా అతని సుత్తి ఆగలేదు. తెచ్చిన ప్రతి డబ్బా మీదా, అప్పటికే ఉన్న ఇల్లాలి పేరు కింద అవ్వ పేరు పడింది. పొయ్యి మళ్లీ రాజుకుంది, చేతులు చాలక మగవాళ్లు కూడా చకిలీ గొట్టాలు తిప్పారు, మా నాన్న తిప్పిన చకిలీలు చుట్టుకోకుండా పుల్లల్లా పడితే వాటినీ అలాగే వేయించారు. సాయంత్రానికి అవ్వ నడవలో ముప్పై డబ్బాలు గోడ పొడవునా నిలబడ్డాయి. మూతల మీద దీపం వెలుగు పడుతోంది. గుడిలో నిలబడినట్టు చేతులు కట్టుకుని చూశాను. ఎందుకు కట్టుకున్నానో నాకే తెలియదు.

నీళ్లు నింపే పండుగ పొద్దున గల్లీ మొదటి ఇంటి నుంచి, అందరూ చూస్తుండగా, వరుసగా పంచుతూ పోయాం. రుక్మిణమ్మ డబ్బా నా చేతికే ఇచ్చింది అవ్వ. రుక్మిణమ్మ తన గడపలో నిలబడి ఉంది. డబ్బా మీది అక్షరాలు చూసింది. పక్కింటామె చేతిలోని డబ్బా మీదా అదే పేరు. చేతులు చాపింది. బరువుకు ఆ చేతులు కొంచెం కిందికి దిగాయి.

"బరువుంది" అంది.

"అందరిది గంతే చిన్నమ్మా" అన్నాను. నా జీవితంలో అంత సులువుగా అబద్ధం మళ్లీ చెప్పలేదు. ఆమె నన్ను చాలాసేపు చూసి లోపలికి పోయింది. కాసేపటికి ఆమె చిన్న కొడుకు మెట్ల మీద కూర్చుని రెండు చేతుల్లో రెండు గర్జలు పట్టుకుని ఏది ముందు కొరకాలో తేల్చుకోలేక చూస్తున్నాడు.

డబ్బాలు తిరిగి రావడం మొదలైంది. పేరున్నాయి కాబట్టి ఖాళీగా రాలేదు. చక్కెర, కొబ్బరి చిప్ప, అరటిపళ్లు, పసుపు కొమ్ములు. ఇరవై తొమ్మిది వచ్చాయి. రుక్మిణమ్మది రాలేదు. అమావాస్య పోయింది, రాలేదు. నేను పూటకు రెండుసార్లు అవ్వ ఇంటికి పోయి లెక్కపెట్టేదాన్ని. "తొందరేం లేదే" అనేది అవ్వ.

పాడ్యమి రోజు మిట్టమధ్యాహ్నం రుక్మిణమ్మ చంకన డబ్బాతో వచ్చింది. ఆమె అవ్వ ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. మూత తీసింది. నిండా గోరింటాకు. వాళ్ల వెనక గోడ పక్కన ఒక చెట్టుందని అందరికీ తెలుసు, ఆ ఆకును ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఒక్క పుల్ల లేదు, ఒక్క పండుటాకు లేదు, ఆకు ఆకు ఏరి నింపింది.

"నా దగ్గర ఇదే ఉంది పెద్దమ్మా."

అవ్వ రెండు చేతులా అందుకుంది. మొహం దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "నువ్వే నూరు. నీ చేతుల మీదుగనే కానీ" అంది. రుక్మిణమ్మ రోటి ముందు కూర్చుంది. ఆ సాయంత్రం గల్లీ ఆడపిల్లలందరం ఆమె ముందు చేతులు చాపి కూర్చున్నాం. ఆ దీపావళికి మా గల్లీలో పండని అరచెయ్యి లేదు.

ఆమె వెళ్లిపోయాక అవ్వ మా అమ్మతో అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "ఇన్నేండ్లు పెట్టినం గాని, ఆమె చేతిది ఏమన్న తీస్కున్నమా? మంచిదనుకోని ఆ దారి మనమే మూసినం." మరుసటి ఏడు కూడా డబ్బాలు ముప్పై గడపలకూ వెళ్లాయి, పేర్లతోనే. రుక్మిణమ్మ అవ్వ వాకిట్లో బాణలి ముందు కూర్చుని గర్జలు తీసింది.

ఆ వీధి నల్లా ఇప్పుడు లేదు, పైపులు ఇళ్లల్లోకే వచ్చాయి, ముప్పై తలుపులు ఒకేసారి తెరిచి ఉండే గంట కూడా దానితో పోయింది. అవ్వ ఇంటి జాగాలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పేర్లు చెక్కే టకటక వినక ఎన్నేళ్లయిందో చెప్పలేను. మేముండే కొత్త కాలనీలో పండుగలకు పెద్ద సంచులు పంచుతారు, సంచి మీద ఇచ్చినవాళ్ల ఫోటోలు ఉంటాయి, మైకులో పేరు పిలుస్తారు. బియ్యం మంచివే. నేను తప్పు పట్టను. కానీ మా ఇంటి ఎదురు ఖాళీ జాగాలో రేకుల గుడిసెలో ఉండి ఇస్త్రీ చేసే హనుమక్క, మొన్నామధ్య ఆ సంచిని ఫోటోలు లోపలికి పోయేలా తిప్పి మడిచి పెట్టుకోవడం చూశాను. ఆ రాత్రి నాకు తిండి సయించలేదు. తెల్లారి అలమారలోని ఆ రెండు పేర్ల డబ్బా నింపి, నేనే మోసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను. మీద పేర్లున్నాయి, చూసుకోమన్నాను.

ఇరవై రోజులైంది. నిన్న బట్టలు ఇవ్వడానికి వచ్చి, నా మొహం చూడకుండా, "అక్కా, నీ డబ్బ ఇంకో వారమాగి తెస్తనక్కా" అంది.

"తొందరేం లేదు" అన్నాను.

ఆమె గుడిసె రేకుల మీదికి బీర తీగ పాకింది. ఈ పొద్దు చూశాను, పూత పట్టింది.