ఇందిరాబాయి పెట్టని సంతకం

1971లో ఐటీఐలో రేడియో మెకానిక్ కోర్సుకు ఫారం అడిగితే, కిటికీ అవతల కూర్చున్న గుమాస్తా ఇందిరాబాయి చేతికి కుట్టుపని ఫారం ఇచ్చాడు. ఆమె దాన్ని పూర్తిగా చదివి వెనక్కి తోసింది.

"ఇది కాదు సార్. రేడియోది ఇయ్యండి."

"ఆ కోర్సులో ఆడపిల్లలు లేరమ్మా."

"నేను చేరితే ఉన్నట్టే కదా!"

వెనక వరుసలో వాళ్లు గొణిగారు. ఆమె కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. మధ్యాహ్నానికి ప్రిన్సిపాలే బయటికి వచ్చి సరైన ఫారం ఇప్పించాడు.

ఆమె తండ్రి నరహరి ఎమ్మిగనూరులో బడిపంతులు. ఇంట్లో మడీ ఆచారం గట్టిగా ఉండేవి. తీగలు అతికించే సోల్డరింగ్ వాసనతో వంటింట్లోకి రావద్దని తల్లి సరస్వతీబాయి ఆంక్ష పెట్టింది. సరేనని ఇందిరాబాయి వసారాలోనే విస్తరి వేయించుకుని తినేది. పక్కనే విప్పి పెట్టిన రేడియో ఉండేది. కోర్సు పూర్తయ్యాక ఆ వసారాలోనే ఆరేళ్లు ఊరివాళ్ల రేడియోలు బాగుచేసింది. 1979లో ఆదోని శివారున ఉన్న జనార్ధన్ శెట్టి నూలు మిల్లులో చేరింది. మిల్లులోని టెలిఫోన్లు, సైరన్లు, మీటర్లు అన్నీ ఆమె చూసేది. అదే సర్టిఫికెట్ ఉన్న మగవాళ్లను టెక్నీషియన్లని రాసుకున్న మేనేజరు వెంకోబారావు ఆమె పేరు పక్కన మాత్రం 'హెల్పర్' అని రాశాడు. ఏటా ఒక అర్జీ పెట్టేది. ఏటా ఆయన "చూద్దాం" అనేవాడు.

1988 వేసవిలో మిల్లు ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. నూలు షెడ్డులో ఏ యంత్రం ఎంత నూలు తీస్తున్నదీ ఆఫీసు తెర మీద కనబడాలని శెట్టిగారి కోరిక. రాగి తీగ లాగారు. కానీ పెద్ద మోటారు మొదలైనప్పుడల్లా తెర మీద అంకెలు చెదిరిపోయేవి. చివరికి హైదరాబాదు నుంచి ఒక చిన్న కంపెనీని పిలిపించారు. వాళ్లు వేసేది ఫైబర్ కేబుల్. దాని లోపల వెంట్రుకంత గాజుపోగు ఉంటుంది. అందులో నడిచేది కరెంటు కాదు, వెలుగు. పక్కన ఎంత పెద్ద మోటారు తిరిగినా దానికి పట్టదు.

ఆ కంపెనీ ఇంజనీరు రంగనాథ్ మొదటి వారంలోనే ఇందిరాబాయి చేతిపని గమనించాడు. గాజుపోగును కనెక్టరు అనే లోహపు కొనలోకి జిగురుతో దించాలి. జిగురు ఆరాక బయటికి పొడుచుకు వచ్చిన గాజును విరిచి, సన్నటి గరుకు కాగితం మీద ఎనిమిది అంకె తిప్పినట్టు రుద్ది నున్నన చేయాలి. అతని వెంట వచ్చిన మనిషి రోజుకు నాలుగు విరగ్గొట్టేవాడు. ఇందిరాబాయి రెండో రోజు నుంచి ఒక్కటీ విరగ్గొట్టలేదు. పని నేర్పిన కృతజ్ఞతతో ఆమె అతన్ని "సార్" అనేది. అతని దగ్గరున్న కేటలాగు అడిగి ఇంటికి తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివింది.

చదివిన తర్వాతే అనుమానం వచ్చింది. నూలు షెడ్డు, పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ షెడ్డు గోడపెట్టెల్లో కేబుల్ కొనలను ఒకదానికొకటి కలపడానికి రంగనాథ్ తెచ్చిన కనెక్టర్లు మరబిగింపువి, అంటే మరమేకులా తిప్పి బిగించేవి. కేటలాగులో ఇంకో మరబిగింపు రకం ఉంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. అయితే రెండో దానికి పక్కన చిన్న ముక్కు ఉంటుంది. అది సాకెట్టులోని గాడిలో కూర్చుంటుంది. కొన ఎప్పుడు బిగించినా అదే వైపు నిలుస్తుంది. రంగనాథ్ తెచ్చిన వాటికి ఆ ముక్కు లేదు. బిగించిన ప్రతిసారీ కొన ఒక్కో వైపుకు తిరిగి ఆగుతుంది.

ఆమె వెలుగు ఎంత పోతున్నదో చూపే మీటరు పెట్టి ఒకే కొనను పదిసార్లు విప్పి బిగించింది. మొదటిసారి నష్టం ఒకటి పాయింట్ రెండు డెసిబెల్లు చూపింది. తర్వాత రెండు. ఆ తర్వాత ఒకటి కన్నా తక్కువ. ఏడోసారి రెండున్నర దాటింది. అన్నీ నోటుబుక్కులో రాసుకుని రంగనాథ్ ముందు పెట్టింది.

"సార్, ఇవి ఈడ పనికిరావు. జిన్నింగ్ షెడ్డు నేల పొద్దంతా అదురుతాంటుంది. వదులైందని ఎవరో ఒకరు పానా పెట్టి బిగిస్తారు. ముక్కు ఉండేవి తెప్పించండి."

"రెండూ మరలే కదమ్మా. మా దగ్గర ఉన్న స్టాకు ఇది. ప్రారంభోత్సవానికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. నువ్వు పని చేసినట్టు, అంతా బాగున్నట్టు సంతకం పెట్టు."

"పని చేసినాను. బాగుందని మాత్రం రాయను."

మేనేజరు వెంకోబారావు ఆమెను గదిలోకి పిలిచాడు. ఆయన నరహరి పంతులు దగ్గర చదువుకున్నవాడు. మాట మెత్తగానే మొదలుపెట్టాడు.

"ఇందిరా, ఆ ఇంజనీరు ఎంత సదివినాడు, నువ్వెంత సదివినావు? హెల్పరువి నువ్వు. పెట్టమన్న కాడ సంతకం పెట్టు."

"హెల్పరు సంతకం మీకెందుకన్నా? టెక్నీషియన్లు ఉండారు కదా, వాళ్ల చేత పెట్టించుకోండి."

ఆయన ముఖం ఎర్రబడింది. రేపటి నుంచి ఫైబర్ పనిలోకి రావద్దనీ, గేటు దగ్గర సైరన్ చూసుకోమనీ చెప్పాడు. ఆమె గేటుకు పోయింది. కాగితం మీద వైర్‌మన్ ఓబన్న సంతకం పెట్టాడు. ప్రారంభోత్సవం జరిగింది. దండలు వేశారు, తెర మీద అంకెలు మెరిశాయి. ఆమెను ఎవరూ పిలవలేదు.

పదహారు రోజులకు జిన్నింగ్ షెడ్డు లైను ఆగిపోయింది. ఓబన్న పానాతో బిగిస్తే వచ్చింది. మళ్లీ పోయింది. మళ్లీ బిగించాడు. మూడోసారి ఎంత బిగించినా రాలేదు. నూలు షెడ్డు లైను కూడా పోతూ వస్తూ ఉంది. రంగనాథ్ వచ్చి చూసి, కొనలు సరిగా రుద్దలేదని రాసిచ్చాడు. రుద్దింది ఇందిరాబాయి. అంటే తప్పు ఆమెది.

ఓబన్న గేటు దగ్గరికి పరుగున వచ్చాడు. "అక్కా, నీ మీద రాసినారు. శెట్టిగారు రేపు పదింటికి పిలిపిస్తాండాడు. సారీ సెప్పేసి ఊరుకో. ఉద్యోగమన్నా ఉంటుంది."

"చెప్పనప్పా. ఆ కొనలు యాడివి ఆడ ఉండనీ. ఎవరినీ తాకనీయొద్దు."

ఆమె ఆ సాయంత్రం ఎమ్మిగనూరు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు ఇంటికి పోయి, ఒక్క రోజుకని మైక్రోస్కోపు అడిగి తెచ్చుకుంది. శ్రావణమాసం. పొద్దున బస్సులో ఉరుకుంద ఈరన్న గుడికి పోయే జనం కిక్కిరిసి ఉన్నారు. కాలు పెట్టడానికే చోటు లేదు. మైక్రోస్కోపు పెట్టెను పొట్టకు హత్తుకుని ఆదోని దాకా నిలబడే వచ్చింది. ఒక ముసలామె కోళ్లగంపను దాని మీద ఆనించబోతే, "అవ్వా, దీంట్లో నా బతుకుంది" అని పక్కకు జరిపింది.

పదింటికి జనార్ధన్ శెట్టి గదిలో వెంకోబారావు, రంగనాథ్ కూర్చుని ఉన్నారు. ఇందిరాబాయి కూర్చోలేదు. బల్ల మీద మైక్రోస్కోపు పెట్టింది. ఓబన్న చేత జిన్నింగ్ షెడ్డు నుంచి రెండు కొనలూ కత్తిరించి తెప్పించింది.

"నేను రుద్దింది సరిగా లేదంటే, గాజు కొన అంతా గరుకుగా ఉండాల. మీరే సూడండి."

శెట్టి కన్ను పెట్టి చూశాడు. గాజు కొన అద్దంలా ఉంది. దాని మీద వంపు తిరిగిన గీతలు, మధ్యలో ఒక పెచ్చు లేచిన గుంట. అంచున తెల్లటి దారంలాంటిది అతుక్కుని ఉంది.

"ఏందమ్మా ఇది?"

"మన పత్తి పీచే. విప్పిన కొనలకు దుమ్ము పడకుండా టోపీలు పెట్టాల. పెట్టలేదు, ఎగిరొచ్చి పడింది. ఆ గీతలు పానాతో తిప్పినప్పుడు రెండు కొనలూ ఒకదాన్నొకటి గీరుకుంటే పడినవి. ముక్కు లేదు కాబట్టి బిగించినంతసేపూ తిరుగుతాంటాయి. ముక్కు ఉంటే తిరగవు." నోటుబుక్కు తెరిచింది. "ఈ రీడింగులు ప్రారంభోత్సవానికి తొమ్మిది రోజుల ముందువి. తేదీ ఉంది."

రంగనాథ్ కూడా చూశాడు. "ఆమె చెప్పింది నిజమే సార్. స్టాకు ఉందని అవే పెట్టేశాం" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి కష్టమైంది. అయినా అన్నాడు. ఇందిరాబాయి ఆ తర్వాత కూడా అతన్ని సార్ అనే పిలిచింది.

శెట్టి ముక్కున్న రకం తెప్పించమన్నాడు. "మళ్లా నువ్వే రుద్దాలమ్మా" అన్నాడు.

"రుద్దుతాను. హెల్పరుగా కాదు."

వెంకోబారావు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. శెట్టి కాగితం తీసుకుని, ఆమెను టెక్నీషియన్ చేస్తూ అక్కడే ఆర్డరు రాయించాడు. ఆమె దాన్ని రెండుసార్లు చదివి మడిచి లోపల పెట్టుకుంది. థాంక్స్ చెప్పలేదు. తొమ్మిదేళ్లు ఆలస్యంగా వచ్చిన దానికి చెప్పాలని అనిపించలేదని తర్వాత తల్లితో అంది.

ఇరవై నాలుగు కొనలు రుద్దడానికి పన్నెండు రోజులు పట్టింది. విప్పిన ప్రతి కొనకూ టోపీ పెట్టాలనీ, పానా ముట్టకూడదనీ, తుడవకుండా కలపకూడదనీ గోడపెట్టె తలుపు మీద తెలుగులో రాసి అతికించింది. పానాతో బిగించబోయిన ఒక ఫోర్‌మన్ చేతిలోంచి దాన్ని లాక్కుంది కూడా. అతను ఫిర్యాదు చేస్తే శెట్టి నవ్వి ఊరుకున్నాడు. వెంకోబారావు మాత్రం ఆమెతో మాటలు పూర్తిగా మానేశాడు. ఆ మౌనం ఆయన రిటైరయ్యే దాకా సాగింది. అది తనకు బాధగానే ఉండేదని ఆమె దాచలేదు. తండ్రి శిష్యుడు, పండక్కి ఇంటికి వచ్చే మనిషి.

మరుసటి ఏడు రంగనాథ్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కొత్తగా చేరిన వాళ్లకు కొనలు రుద్దడం నేర్పడానికి పదిహేను రోజులు హైదరాబాదు రమ్మన్నారు. సరస్వతీబాయి వద్దంది. ఆడమనిషి ఒంటరిగా అంత దూరమా అంది. ఇందిరాబాయి కూతురిగా ఒకసారి విని, మర్నాడు సంచి సర్దుకుంది.

అక్కడ పదకొండు మంది మగవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకడు, "మేడమ్, మీరు ఇంజనీరింగ్ ఎక్కడ చేశారు?" అని అడిగాడు. గదిలో నవ్వులు వినిపించాయి.

"చేయలేదు" అంది ఆమె. అతను రుద్దిన కొనను మైక్రోస్కోపు కింద పెట్టి, అతన్నే చూడమంది. అతను చూశాడు. గాజు నిండా గీతలే. కొత్త గరుకు కాగితం తీసుకుని మళ్లీ మొదలుపెట్టాడు.