చంకకట్టెలకు చుట్టిన చీర

మా గూళూరు దిక్కున చంకకట్టెలను ఎవరూ కొనరు. అడిగి తెచ్చుకుంటారు. కాలు బాగైన తర్వాత వాటిని ఇంట్లో ఉంచుకుంటే ఆ ఇంట్లోనే ఇంకొక కాలు విరుగుతుందని భయం. అందుకని పశువుల కొట్టం గోడకు ఆనించి పెడతారు. అవసరమైనవాళ్ళు వచ్చి పట్టుకుపోతారు. ఇచ్చినవాళ్ళు తిరిగి అడగరు. ఇంత మంచి ఆచారం ఇంకెక్కడ ఉందని నేనే చాలామంది దగ్గర గొప్పలు పోయాను. నా కుడిచేయి ఆ ఆచారంలోనే పోయింది.

నేను బడికి పోయినవాణ్ణి కాను. మాట తెలుగైనా మాది కన్నడ సీమ, అంగడిలో బెల్లం కట్టి ఇచ్చిన కాగితాల మడతలు విప్పి కన్నడ అక్షరాలు కూడబలుక్కున్నాను. తెలుగు రాత ఆ తర్వాత వచ్చింది, గోడల మీది సినిమా కాగితాలు చూసి. ఆ చదువుతోనే నలభై ఏళ్ళు బాగేపల్లి తాలూకు కచేరి ముందర కూర్చుని అర్జీలు రాశాను. భూమి పహణీలో పేరు తప్పు పడినవాళ్ళకు, పింఛను నిలిచిపోయినవాళ్ళకు. ఇప్పుడందరూ టైపు చేయించుకుంటున్నారు. అయినా ముసలివాళ్ళు ఇంటిదాకా వచ్చి నాచేతనే రాయించుకునేవాళ్ళు. ‘నీ చేతిరాత అయితే కచేరి సాయేబ్రు చదువుతారప్పా’ అనేవాళ్ళు. నాకున్న ఆస్తి అదొకటే.

మొన్నటేడు వానల్లో, చేను గట్టు మీద బోరు పైపు సరిచేస్తూ జారిపడ్డాను. ఎడమ చీలమండ విరిగింది. చిక్కబళ్ళాపురంలో ఒక ఆసుపత్రిలో కట్టు వేశారు. “ఆరు వారాలు ఈ కాలు కింద పెట్టొద్దు” అన్నాడు డాక్టరు. మరి ఎలా నడవాలని అడిగాను. “కట్టెలు పెట్టుకో” అని పక్క మనిషి కాగితాలు తెరిచాడు. ఏ కట్టెలు, ఎంత ఎత్తువి, ఎక్కడ పట్టుకోవాలి, ఒక్క మాట లేదు. చెప్పులు అమ్మేవాడు కూడా పాదం కొలుస్తాడు. డెబ్బై దాటిన మనిషి పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ ముట్టుకోని కట్టెల మీద తన ఒళ్ళంతా వేయబోతుంటే కొలిచే దిక్కు లేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆమె వీధి చివరి ఇంటి నుంచి ఒక జత తెచ్చిపెట్టింది. ఆ ఇంటాయన నాకన్నా తలెత్తు పొడవు. కట్టెలకు ఎత్తు తగ్గించుకునే బెజ్జాలు, తిప్పే నట్లు ఉన్నాయి. కానీ ఆయన గేటుకు వేయగా మిగిలిన నీలం రంగు వీటికీ పూశాడు. నట్లు రంగులో కూరుకుపోయాయి. నేను చూశాను. సర్కారు కాగితంలో చుక్క తప్పినా పట్టుకునేవాణ్ణి, దీన్ని చూసి కూడా పట్టుకోలేదు.

లేచి నిలబడితే భుజాలు చెవుల దగ్గరికి పోయాయి. చేతిపిడి నడుముకు పైన ఎక్కడో ఉంది. మోచేతులు కోడిరెక్కల్లా మడుచుకున్నాయి. అరచేతుల మీద బలం పెట్టడానికి వీలే లేదు.

“దండెం మింద అంగీ మాదిరి వేలాడతాండావే” అని మా ఆమె నవ్వింది.

కట్టెల ఇంటాయన చూడటానికి వచ్చి సలహా చెప్పాడు. “చేతులమింద బరువు పెట్టొద్దప్పా, చేతులు పీకుతాయి. చంకల్లో ఆనుకో, హాయిగా ఉంటాది.” ఆయన నడిచాడు కదా, ఆయనకు తెలుసు అనుకున్నాను.

సాయంత్రానికి చంకలు ఒరుసుకుపోయి మండాయి. మా ఆమె తన పాత నూలుచీర చించి, కట్టెల తలలకు నాలుగు చుట్లు చుట్టి, దారంతో బిగించింది.

“ఇప్పుడెట్లుండాది?”

“మెత్తగా ఉండాది.”

రెండు రోజులకు గుడ్డ అణిగిపోయి మళ్ళీ నొప్పి. ఆమె మళ్ళీ చుట్టింది. మూడో వారానికి కట్టెల తలలు పసిపిల్లల దిండ్లంత అయ్యాయి. చీర మొత్తం అయిపోయింది. గుడ్డ ఒక వేలు పెరిగితే కట్టె ఒక వేలు పొడుగవుతుందని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. మెత్తగా ఉందని నేను ఇంకా ధైర్యంగా వేలాడాను. వాకిట్లో అటూ ఇటూ నడుస్తుంటే పోయేవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కితే వయసు అనుకున్నాను. ఆమె ఆముదం రాసింది.

ఒకరోజు పొద్దున చాకవేలు నుంచి ఒక ముసలామె పింఛను అర్జీ రాయించుకోవడానికి వచ్చింది. కాగితం పరిచి పెన్ను పట్టుకున్నాను. మణికట్టు లేవలేదు. కోసిన తీగలా కిందికి వేలాడింది. ఎడమచేత్తో ఎత్తి పెడితే మళ్ళీ పడింది. మొదటి అక్షరం గీతై కాగితం అంచుదాకా జారిపోయింది.

ముసలామె కాగితం మడిచి కొంగులో పెట్టుకుంది. “పోనీలేప్పా, బాగేపల్లిలో టైపు కొట్టించుకుంటాను. నువ్వు కాలు చూసుకో.” ఆమె జాలి పడింది. తిట్టి ఉంటే బాగుండేది.

మళ్ళీ చిక్కబళ్ళాపురం. ఈసారి నడక నేర్పే గదికి పంపించారు. అక్కడున్న అమ్మాయి చింతామణి దిక్కు మనిషి, మన మాటే. నా చేయి కన్నా ముందు నా కట్టెలు చూసింది ఆమె ఒక్కతే.

“తాతా, ఇవి యాడివి? ఎవరి ఎత్తుకు పెట్టిండేవి?”

నేను చెప్పాను.

“చంకకూ కట్టెకూ నడుమ మూడు వేళ్ళు పట్టాల. బరువు అరచేతుల్లో ఉండాల. చంకలోనుంచే చేతికి నరం పోతాది, అది నలిగింది.” గుడ్డను వేళ్ళతో నొక్కి చూసింది. “ఇంత దప్పంగా, దిండు మాదిరి ఎవరు చుట్టినారు?”

మా ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. నోట్లో కొంగు పెట్టుకుంది.

“నేనే” అన్నాను.

గోడకు ఇంకొక రకం కట్టెలు ఉన్నాయి. పొట్టివి, చంకదాకా రానే రావు. ముంజేతిని ఒక పట్టీ పట్టుకుంటుంది. నా కుడి మణికట్టుకు కట్టు బిగించి, నా వెనక తాను పట్టుకుని, పది అడుగులు నడిపించింది. భుజాలు దిగాయి, మెడ తిరిగింది. ఆ గదికి ఉన్నది అదొక్క జతేనట, బయటికి ఇవ్వరట. నాకు కట్టు వేసిన గది అక్కడికి ఇరవై అడుగులు. మొదటిరోజే ఆ ఇరవై అడుగులు నన్ను పంపించి ఉంటే? ఎవరిని అడగాలి?

నరం తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. మిగిలిన వారాలు మంచం దిగలేదు, చీలమండ అతుక్కుంది. మణికట్టు సగం లేస్తుంది, అంతే. ఇదంతా ఎడమచేత్తో రాస్తున్నాను. ఒక పేజీకి ఒక రోజు పడుతుంది. అక్షరాలు నావి కావు.

ఒకసారి బియ్యం చెరుగుతూ మా ఆమె అడిగింది. “నేను చుట్టకపోయింటే?”

“చంకలు పుండ్లయ్యిండేవి” అన్నాను. ఆమె చేట దించలేదు.

తర్వాత నట్లకు కిరసనాయిలు పోసి, పక్కింటివాడి చేత ఊడదీయించాను. గుడ్డంతా తీసేశాను. కట్టెలను మా కొట్టం గోడకు ఆనించాను. పోయిన నెల చాకవేలు నుంచి ఒక రైతు వచ్చాడు. బండి మీద నుంచి పడి కాలు విరిగిన తమ్ముడి కోసం. మూడు వేళ్ళు పెట్టి చూపించాను. నట్లు తిప్పి చూపించాను. గుడ్డ చుట్టొద్దని నాలుగుసార్లు చెప్పాను. “సరేప్పా, సరేప్పా” అంటూ బండికి కట్టుకుని పోయాడు.

మనసు నిలవక పది రోజులకు బస్సెక్కి పోయాను. తమ్ముడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కట్టెలు పక్కనే ఉన్నాయి. తలలకు ఆకుపచ్చ చీర, దిండంత.

“నేనే చుట్టినాను తాతా” అంది అతని భార్య. “చంకలు కోసుకుపోతాండాయని ఏడిస్తే చూడలేక. ఇప్పుడు మెత్తగా ఉండాదంట.”

వేళ్ళు ఎలా ఉన్నాయని అడిగాను. కొంచెం తిమ్మిరి, అంతే అన్నాడు. నేను మళ్ళీ మొదటినుంచి చెప్పాను. నా మణికట్టు చూపించాను. ఇద్దరూ అది ముసలితనం అన్నట్టు చూశారు. కట్టె ఒళ్ళో పెట్టుకుని ముడి విప్పబోయాను. బిగువు ముడి, రెండు చేతులు కావాలి. ఎడమచేయి లాగుతుంటే కుడిచేయి దాని మీద ఊరికే పడి ఉంది.

అతని భార్య మెల్లగా నా ఒళ్ళో నుంచి కట్టె తీసుకుని, వదులైన ముడిని మళ్ళీ గట్టిగా బిగించింది.