రేడియో ఆపేసిన బాబాయి

మా బాబాయికి పాటలంటే అసహ్యం. ఇంట్లో ఎవరైనా రేడియో పెడితే చాలు, లేచి బయటికి వెళ్ళిపోతాడు. తప్పు పాటలది కాదు, ఆయన చేసిన ఉద్యోగానిది.

పాత కార్ల వేలం యార్డులో డ్రైవరుగా చేసేవాడాయన. డ్రైవరంటే ఊళ్ళు తిరిగే డ్రైవరు కాదు. షెడ్డు వెనక వరసగా నిలబెట్టిన కార్లను ఒక్కొక్కటే జనం మధ్యకు తీసుకొచ్చి, వేలం ముగిశాక అవతలి గేటు దాటించాలి. పట్టుమని వంద గజాలు లేని దారి. ఆ కాస్త దారికీ మేనేజరు బోలెడు పద్ధతులు పెట్టాడు. చల్లటి ఇంజను దగ్గుతుంది కనుక జనం రాకముందే వేడెక్కించి ఉంచాలి. అద్దాలు ఎత్తెయ్యాలి. గేర్ల గరగర వినబడకుండా రేడియో గట్టిగా పెట్టాలి. కొనేవాడు ఏమడిగినా నవ్వాలే తప్ప నోరు విప్పకూడదు. వాంతి మరకల మీద కొత్త సీటు కవర్లు, బూజు కంపు మీద సెంటు. పైన పటారం, లోన లొటారం.

సాయంత్రం ఇంటికి రాగానే బాబాయి కుళాయి దగ్గర చేరి, బట్టల సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకునేవాడు. అడిగితే "గ్రీజు" అనేవాడు. పిన్ని నవ్వేది.

"గ్రీజైతే ఒకసారికి పోతుంది కదా. తోలు ఊడొచ్చేట్టు ఆ రుద్దుడేంటి?"

అంత రోతగా ఉంటే మానెయ్యొచ్చు కదా అని నేనొకసారి ఉచిత సలహా పారేశాను. "మానేస్తే ఇంట్లోకి సరుకులు నువ్వు తెస్తావేంట్రా?" అన్నాడు. 

ఒక వేలం రోజు నేను కూడా యార్డులోనే ఉన్నాను. చవగ్గా ఏదైనా దొరుకుతుందేమోనని వెళ్ళాను. షెడ్డు వెనక బాబాయి మేనేజరుతో మాట్లాడుతున్నాడు.

"సార్, ఆ తెల్ల బండికి బ్రేకు పడటం లేదు. తొక్కితే పెడల్ కిందకంటా పోతోంది."

మేనేజరు పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. పుల్ల తీయకుండానే జవాబిచ్చాడు. "హ్యాండ్ బ్రేకు ఉందిగా. మెల్లగా తెచ్చి ఆపు."

"నేను ఆపుతాను. కొన్నవాళ్ళో?"

"ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నామని బోర్డు మీద రాశాంగా. వాళ్ళ ఖర్మ."

"అయితే ఉన్నది చెప్పే అమ్ముదాం సార్. ధర తగ్గితే తగ్గనీండి. బాగు చేయించుకునేవాడే కొంటాడు."

"అవన్నీ నీకెందుకయ్యా? రేడియో పెట్టుకుని పో."

నమిలిన పుల్లను బాబాయి చెప్పుల పక్కనే ఉమ్మాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. బాబాయి మాత్రం వెళ్ళి కారెక్కాడు.

తెల్ల బండి పాటలు పాడుకుంటూ వచ్చింది. సరిగ్గా దాని ముందుకే వచ్చి నిలబడింది మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ, కూతుర్ని చంకనేసుకుని. వెనక తలుపు తెరిచి సీటు నొక్కి చూసింది. "అమ్మమ్మని ఇందులో ఆసుపత్రికి తీసుకెళ్దామా?" అంటే ఆ పిల్ల తలూపింది. వేలం మొదలైంది. ఆవిడ మళ్ళీ బండి ముందుకొచ్చి చెయ్యెత్తింది. ఒక బ్రోకరు పెంచాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, మళ్ళీ చెయ్యెత్తింది. బ్రోకరు ఊరుకున్నాడు. ఒకటోసారి అన్నారు, రెండోసారి అన్నారు.

రేడియో ఆగిపోయింది. బాబాయి కారు దిగాడు.

"సార్," అన్నాడు మేనేజరుతో, "ఒక్కసారి వచ్చి ఈ బండి ముందు నిలబడండి."

"ఎందుకు?"

"నేను ఆ చివర నుంచి తోలుకొస్తాను. మీ దగ్గరికొచ్చాక బ్రేకు తొక్కుతాను. హ్యాండ్ బ్రేకు ముట్టుకోను."

జనమంతా మేనేజరు వైపు తిరిగారు. ఆయన నవ్వబోయాడు. ఆ నవ్వు మొహం మీద నిలవలేదు. ఒక అడుగు వేశాడు, వెనక్కి.

కుట్టే ఆవిడ చెయ్యి దించేసింది. పిల్లను గట్టిగా పట్టుకుని బానెట్ ముందు నుంచి పక్కకు తప్పుకుంది. అప్పుడు ఆ బ్రోకరు, సిగ్గూ ఎగ్గూ లేని మనిషి, "బ్రేకు లేని ధర చెప్పండి అయితే" అని నవ్వాడు. సగానికి కొట్టేశాడు. దాన్ని ఇంకే యార్డులో ఏ పాట పెట్టి అమ్ముకున్నాడో!

బాబాయి తాళాలు మేనేజరు చేతిలో పెట్టి, నాతో పాటే నడుచుకుంటూ ఇంటికొచ్చేశాడు. 

ఆ తర్వాత యార్డులో కొనేవాళ్ళకు తెలివొచ్చింది. ఏ కారు వచ్చినా "బండి ముందు మీవాళ్ళెవరైనా నిలబడండి, అప్పుడు కొంటాం" అని పట్టుబడుతున్నారట. దాంతో మేనేజరు బ్రేకులు బాగు చేయించడం మొదలుపెట్టాడనుకుంటే మీరింకా ఆయన్ని ఎరగనట్టే. కొన్నాళ్ళకు బాబాయికి ఫోన్ చేశాడు. అవతలి మాట గదంతా వినబడుతోంది.

"ఏమయ్యా, ఖాళీగానే ఉన్నావట. నీకో పని చూశాను. తోలక్కర్లేదు, తుడవక్కర్లేదు. బండి ముందు నిలబడితే చాలు. జీతం ఇదివరకటి కంటే ఎక్కువే."

 ఇంట్లో సరుకులు నిండుకున్నాయి. పిన్ని ఆయన మొహమే చూస్తోంది.

"ముందుగా బ్రేకులు చూపిస్తారా సార్?" అని అడిగాడు బాబాయి.

"అవన్నీ నీకెందుకయ్యా?"

బాబాయి ఫోన్ పెట్టేసి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. మోచేతుల దాకా రుద్దుకున్నాడు. తర్వాత ఫోన్ ఆనించిన చెవిని కూడా సబ్బు పెట్టి కడుక్కున్నాడు. పిన్ని ఈసారి నవ్వలేదు. చెంబుతో నీళ్ళు పోసింది.