వరుస చెరిపేసిన బోర్డు

సినిమా షూటింగ్‌కని తెల్లవారుజామున గుంటూరులో రైలెక్కాను. సినిమాలో హీరో తర్కశాస్త్రం మాస్టారట. తరగతి సన్నివేశానికి బోర్డు మీద అసలైన సిద్ధాంతమే ఉండాలని దర్శకుడు పట్టుబట్టి నన్ను పిలిపించాడు. సలహాదారుగా తెర మీద నా పేరు వేస్తామన్నారు. ఇరవై ఏళ్లుగా ఒకే ప్రశ్న పట్టుకుని వేలాడుతున్న కాలేజీ మాస్టారికి ఇంకేం కావాలి? ఎగేసుకుంటూ బయల్దేరాను.

సికింద్రాబాద్‌లో ఇడ్లీ తిని, మెట్రోలో చెక్‌పోస్ట్ స్టేషన్ దాకా వెళ్లి, అక్కణ్ణుంచి ఫిల్మ్‌నగర్‌కి ఆటో ఎక్కాను.

"వేషం దొరికిందా సార్?" అన్నాడు డ్రైవరు.

బోర్డు మీద లెక్క రాయడానికి వెళుతున్నానన్నాను.

"గట్లనా! గా లెక్క జూస్తానికి టికెట్ ఎవడు కొంటడు సార్?"

ఈ దారిన వెళ్లేవాళ్లు ఆటోలో నోరు మూసుకు కూర్చోవడం మంచిది.

సెట్టు చేరేసరికి పదకొండు దాటింది. వెంటనే బోర్డు నింపాను. బహుపదీ కాలంలో, అంటే సమస్య ఎంత పెరిగినా లెక్క చెయ్యి దాటిపోని కాలంలో, కంప్యూటరు తేల్చగల ప్రశ్నలన్నిటినీ ఫలానా తర్కభాషలో చెప్పవచ్చు. దాని కింద షరతు: లెక్కలోని వస్తువులకు ముందే ఒక వరుస ఉంటేనే. ఏది ముందో ఏది వెనకో తెలియకపోతే, గుంపులో ఉన్నవి సరిసంఖ్యో బేసిసంఖ్యో చెప్పడం కూడా ఆ భాషకు చేతకాదు. వరుస లేనప్పుడు సరిపోయే భాష అసలుందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. నా ఇరవై ఏళ్లూ ఆ షరతు దగ్గరే కరిగిపోయాయి.

అక్కడేమో వరుస లేనిదే మంచినీళ్లు కూడా పుట్టవు. హీరో వ్యాను గుమ్మం పక్కన, విలన్‌ది కాస్త అవతల, మిగతావాళ్లు ఎండలో. విద్యార్థులుగా కూర్చున్న జూనియర్ ఆర్టిస్టుల్లో కృష్ణానగర్ నుంచి వచ్చిన రజితను వెనక బెంచీకి పంపారు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటోంది.

"ముందట కూసుంటేనే మొఖం కనబడ్తది సార్. ఎన్కకు పోతే ఉన్నా లేనట్టే."

భోజనం చేసి వచ్చేసరికి బోర్డు మీద షరతు లేదు. ఎవరో శుభ్రంగా తుడిచేశారు.

"హీరోగారి తల వెనక గజిబిజిగా ఉందండీ, అందుకే తీయించాం," అన్నాడు సహాయ దర్శకుడు కిరణ్.

నాకు ఒళ్లు మండింది. "అది లేకపోతే ఎవరికీ తేలనిదాన్ని తేల్చేసినట్టు అవుతుందయ్యా! పచ్చి అబద్ధం. మళ్లీ రాయనివ్వండి."

"రెండు షాట్లు అయిపోయాయండీ. ఇప్పుడు మారిస్తే అతకదు."

"అయితే నా పేరు తీసెయ్యండి."

బతిమాలతాడనుకున్నాను. అతనికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

"అలాగేనండీ! మీ పేరు ఎవరి తర్వాత వెయ్యాలో పొద్దుట్నుంచీ తేలక చస్తున్నాం."

సాయంత్రం తిరుగు రైల్లో పక్క సీటాయన నేను వెళ్లొచ్చిన పని విని, "సినిమాలో మీ పేరెక్కడ పడుతుందండీ?" అని ఆశగా అడిగాడు. ఎక్కడా పడదన్నాను. ఫిల్మ్‌నగర్ చూడదగ్గ చోటే, భోజనం కూడా బాగుంది. వరుస లేకుండా పూట గడవని మనుషులు నా బోర్డు మీద వరుస అన్న ఆ ఒక్క ముక్కనే బతకనివ్వలేదు. పేరైతే తీసేస్తారు. బోర్డు మీద మిగిలిన ఆ అబద్ధం మాత్రం నా దస్తూరీలోనే ఉంది. నా దగ్గర చదువుకున్న పిల్లలందరూ చూడగానే గుర్తుపడతారు.