బల్ల మీద రాసిన ధైర్యం

బతికున్న మనిషిని మూడే మూడు రోజుల్లో, ఆయన ఒంటి మీద చెయ్యి వెయ్యకుండా, అసలాయన ఊళ్ళో లేనప్పుడే చంపేసిన ఘనత నాది. అదీ అందరికీ ధైర్యం చెబుదామనే మంచి ఉద్దేశంతో! ఎలాగో చెబుతాను. నవ్వితే మాత్రం కాస్త మెల్లిగా నవ్వండి. ఆయన బంధువులు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో నాకు ఎదురుపడుతూనే ఉంటారు.

తొంభైల చివర్లో సంగతి. మా వైపు గోదావరి పాయ మీద జనాన్ని దాటించే రెండు లాంచీలు సుబ్బరాజుగారివి. అందరం రాజుగారనే వాళ్ళం. ఆయన దగ్గర నేను మేనేజర్ని. మేనేజరంటే ఏదో ఊహించుకోకండి. రేవులో ఓ రేకుల షెడ్డు, ఓ కుర్చీ, ఓ నల్లబల్ల, ఇరవై మూడేళ్ళ వయసూ, అంతే నా ఆస్తి. నా కింద పద్నాలుగు మంది. లాంచీ నడిపే సరంగు సూరన్నగారు అందరికన్నా పెద్దాయన. టిక్కెట్ల కిటికీలో మేరీరత్నంగారు.

అప్పటికే రేవు పక్కన వంతెన కడుతున్నారు. అదయ్యాక మా లాంచీ ఎవరెక్కుతారు? రాజుగారు ఆలోచించి ఆలోచించి, లాంచీల్ని రాజమండ్రి తీసుకెళ్ళి పాపికొండలు చూసేవాళ్ళని తిప్పుదామనుకున్నారు. ఆ అనుమతుల కోసం బయల్దేరుతూ నన్ను పిలిచారు.

"సోమవారం వచ్చి మనవాళ్ళకి నేనే చెబుతానయ్యా. అప్పటిదాకా నువ్వు నోరు విప్పకు."

విప్పలేదండి, నిజంగా. చాక్‌పీసు తీశాను.

ఆ నెలలోనే పాత పుస్తకాల కొట్లో మేనేజ్‌మెంట్ మీద ఓ లావుపాటి ఇంగ్లీషు పుస్తకం కొన్నాను. సంస్థలో మార్పు వచ్చే ముందు పుకార్లు పుడతాయనీ, వాటిని మొగ్గలోనే తుంచెయ్యాలనీ అందులో రాశారు. మా రేవులో మొగ్గ కాదు కదా, మొక్కే లేదు. అయినా బుధవారం పొద్దున్నే గుండ్రటి అక్షరాలతో నల్లబల్ల మీద రాశాను: 'సంస్థ గురించి వస్తున్న పుకార్లను సిబ్బంది నమ్మవద్దు.'

రాసి, రెండడుగులు వెనక్కేసి చూసుకుంటే జానెడు పొడుగెదిగినట్టనిపించింది.

మొదట చదివింది మేరీరత్నంగారు.

"ఏం పుకార్లండి?"

"ఏమీ లేవండి."

"మరి వేటిని నమ్మొద్దంటున్నారు?"

"ఒకవేళ ఉంటే."

"అయితే ఉన్నాయా?"

"లేవండీ బాబూ!"

ఆవిడ నన్ను జాలిగా చూసి, కిటికీ మూసేసి, తిన్నగా సూరన్నగారి దగ్గరికి నడిచారు.

మధ్యాహ్నానికి లాంచీలు అమ్ముడైపోయాయి. సాయంత్రానికి కొన్నాయన కాకినాడాయన అని తేలింది. ఆయన మీసాల గురించి కూడా వివరాలొచ్చాయి. గురువారం నేను పళ్ళు బిగించి రెండో ప్రకటన రాశాను: 'లాంచీలు అమ్మలేదు.'

మెకానిక్ సత్తిబాబు చదివి తలూపాడు. "అమ్మలేదంటే, కొనేవాడు దొరకలేదన్నమాట. రాజుగారి పని అయిపోయిందండి."

ఆ మాట లాంచీ ఎక్కి అవతలి ఒడ్డుకి చేరేసరికి, పని అయిపోయిన రాజుగారు ఆసుపత్రిలో మంచం మీదున్నారు. శుక్రవారం నేను మూడోది రాశాను: 'రాజుగారి ఆరోగ్యం బాగానే ఉంది. ఎవరూ ఆందోళన చెందవద్దు.'

"బాగుందని రాయలేదు చూడండి. బాగానే ఉందని రాశారు," అంది మేరీరత్నంగారి గొంతు నా వెనకనుంచి.

ఆవిడ ఎస్టీడీ బూతుకి పరిగెత్తి, రావులపాలెంలో రాజుగారింటికి ఫోన్ చేశారు. లైను పని చెయ్యడం లేదు. తిరిగొచ్చి, అప్పుడే కదులుతున్న లాంచీలోకి గట్టిగా కేకేశారు: "ఫోన్ డెడ్ అంటండీ!"

ఇంజను చప్పుడులో ఆ కేకలోని ఫోన్ గోదాట్లో పడిపోయింది. డెడ్ ఒక్కటే అవతలి ఒడ్డెక్కింది.

శనివారం పొద్దున్న రేవుకెళ్తే రెండు లాంచీలూ కట్టేసి ఉన్నాయి. మావాళ్ళు ఒక్కరూ లేరు. ఎదురుచూస్తున్న ప్రయాణికులు నన్నే ఓదార్చారు. "బాధపడకండి. మహానుభావుడు, అనాయాసంగా వెళ్ళిపోయారట."

దొరికిన ఆటో ఎక్కి రావులపాలెం పరిగెత్తాను.

ముందురోజు సాయంత్రమే తిరిగొచ్చిన రాజుగారు వరండాలో నిలబడి ఉన్నారు, ఓ చెంప గీసుకుని, రెండో చెంప మీద నురగతో. వాకిట్లో ట్రాక్టరు. దాని ముందు పద్నాలుగు మంది. సూరన్నగారి చేతుల్లో మనిషెత్తు బంతిపూల దండ. మేరీరత్నంగారు ఏడుస్తూ నవ్వుతున్నారు.

"నేను పోయానని ఎవరు చెప్పారయ్యా?" అన్నారు రాజుగారు.

అందరూ నా వైపు తిరిగారు.

"నేను... బాగానే ఉన్నారని రాశానండి," అన్నాను.

"అదేనండి మా కొంప ముంచింది!" అన్నాడు సత్తిబాబు.

తిట్లకి సిద్ధపడి తల దించుకున్నాను. రాజుగారు నురగ కూడా తుడుచుకోకుండా మెట్లు దిగి, వాళ్ళ మధ్యకెళ్ళి నిలబడ్డారు.

"వంతెన అయ్యాక మన రేవుండదు. లాంచీలు రాజమండ్రి వెళ్తాయి. రాగలిగినవాళ్ళకి అక్కడ పని ఉంటుంది. రాలేనివాళ్ళకి ఏం చెయ్యగలనో నాకింకా తెలీదు. తెలిసిన రోజున నేనే వచ్చి చెబుతాను."

అంతే. గోల మొదలవుతుందని చూశాను. ఎవరూ అరవలేదు. సూరన్నగారు దండతో సహా ఓ అడుగు ముందుకేశారు.

"వంతెన సంగతి మాకు తెలీకేమండి? రోజూ ఆ స్తంభాల పక్కనుంచే కదండీ లాంచీ తిప్పుతున్నాం. ఏ స్తంభం ఎప్పుడు నీళ్ళ పైకొచ్చిందో నన్నడగండి, చెబుతాను."

"మరి ఒక్కసారీ నన్నడగలేదేం?"

"మీకూ ఏం తోచట్లేదని మొహం చూస్తేనే తెలిసేదండి. అడిగి ఇంకా బాధపెట్టడం ఎందుకని."

తమ బతుకుదెరువుని మింగబోయే వంతెన ఒక్కో స్తంభమే లేస్తుంటే, రోజూ కళ్ళారా చూస్తూ, వేళ తప్పకుండా లాంచీ నడిపిన మనుషులు వీళ్ళు. వీళ్ళకా నేను ధైర్యం రాసిపెట్టింది? గోదావరికి ఈత నేర్పబోయినట్టుంది నా వ్యవహారం. ఆ క్షణంలో సూరన్నగారు నాకు ఆ స్తంభాలకన్నా ఎత్తుగా కనిపించారు.

తర్వాత తొమ్మిది మంది రాజమండ్రి వెళ్ళారు. మిగిలిన అయిదుగురి ఇళ్ళకీ రాజుగారు స్వయంగా వెళ్ళి కూర్చుని మాట్లాడారు. అందరికీ పని చూపించలేకపోయారు కానీ, ఎవరికీ అబద్ధం చెప్పలేదు.

ఆ శనివారం మాత్రం ఒక చిక్కు మిగిలిపోయింది.

"తెచ్చిన దండ వెనక్కి పట్టుకెళ్ళకూడదండి," అన్నారు సూరన్నగారు.

రాజుగారు గబుక్కున రెండు మెట్లు వెనక్కెక్కేశారు. పద్నాలుగు మందీ ఒకేసారి నన్ను చూశారు. నిమిషంలో అది నా మెడలో ఉంది. ట్రాక్టరు ముందు భాగాన నన్ను నిలబెట్టి, అరటి గెలల మార్కెట్టు మధ్యలోంచి మెల్లిగా పోనిచ్చారు.

"ఏంటండీ విశేషం?" అని అడిగారు గెలలు మోసేవాళ్ళు.

"మా మేనేజరుగారండి! పుకార్లు ఆపేశారండి!" అన్నారు మేరీరత్నంగారు.

ఆ బంతిపూల బరువు మోస్తూ, యావత్ రావులపాలెం సాక్షిగా నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: ఎవరూ పుట్టించని పుకారుని ఈ జన్మలో ఖండించను. చెప్పాల్సింది ఉంటే ఎదురుగా వెళ్ళి చెబుతాను. తెలియకపోతే తెలియదంటాను. ఇక ఎవరైనా బాగానే ఉన్నారని చెప్పాల్సి వస్తే, ముందు వాళ్ళనే తీసుకొచ్చి చూపిస్తాను.